అలల మీద అక్షరాభ్యాసం

పిల్లలూ! మీకు అక్షరాభ్యాసం చేసిన రోజు జ్ఞాపకం ఉన్నదా? మీకు లేకపోయినా మీ అమ్మానాన్నలకు ఉంటుంది. పెద్ద పళ్ళెంలో బియ్యం పోసి, మీ చూపుడువేలు పట్టుకుని, పళ్ళెం నిండేటంత అక్షరాలు దిద్దించి ఉంటారు. ఆ తరవాత పలక వచ్చింది. పలక మీద కూడా ఒక్కొక్క అక్షరం అరచెయ్యంత ఉండేది. చాలాకాలం గడిచిన మీదట గాని మీ చేతికి సన్నగీతల నోటుపుస్తకం రాలేదు.

చెయ్యి చిన్నదిగా ఉన్నప్పుడు అక్షరం పెద్దది. చెయ్యి పెద్దదైన తరవాత అక్షరం చిన్నది! ఇదేమి తిరకాసు? నేను ముప్పైయేళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పాను, హెడ్మాస్టరుగా కూడా పనిచేశాను. కాని ఈ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. అది నాకు ఎక్కడ తట్టిందో తెలుసా? పసిఫిక్ మహాసముద్రం మధ్య, ఒక దీవి ఒడ్డున, మా మనవడి నుదుటి మీద బొప్పి కట్టిన తరవాత! ఆ సంగతే చెబుతాను, వినండి.

ప్రపంచపటం తీసి పసిఫిక్ సముద్రం నడుమ వెతికితే ఆవగింజల్లాంటి కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే హవాయి దీవులు. 1959లో ఈ దీవులు అమెరికాలో 50వ రాష్ట్రం అయినాయి. కాని అమెరికా భూభాగానికీ వీటికీ మధ్య సుమారు 3,800 కిలోమీటర్ల సముద్రం ఉన్నది. వాళ్ళ గడియారం మన గడియారం కన్న పదిహేనున్నర గంటలు వెనక. మనకు సోమవారం ఉదయం 9½ గంటలకు బడిగంట మోగుతుంటే, వాళ్ళు ఇంకా ఆదివారం సాయంకాలం 6 గంటలకు సముద్రపు ఒడ్డున షికారు చేస్తూ ఉంటారన్న మాట!

ఈ దీవులన్నీ సముద్రగర్భంలోంచి పైకి లేచిన అగ్నిపర్వతాలే. వాటిలో ఓహూ అనే దీవిలో హొనొలులు నగరం ఉన్నది. ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న సముద్రతీరం పేరు వైకీకీ. ఆ మాటకు "చిమ్మే నీరు" అని అర్థం. పూర్వం అక్కడ మంచినీటి ఊటలు ఉండేవి. తీరానికి ఒక చివర డైమండ్ హెడ్ అనే చల్లారిపోయిన అగ్నిపర్వతం, పడుకున్న జంతువు లాగ, 232 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది.

మా అబ్బాయి, కోడలు, పన్నెండేళ్ళ మనవడితో కలిసి వేసవి సెలవులలో నేను అక్కడికి వెళ్ళాను. వెళ్ళిన మొదటి ఉదయమే ఒక వింత చూశాను. ఒడ్డుకు చాలా దూరంలో మనుషులు నీటి మీద నిలబడి ఉన్నారు! నిలబడటమే కాదు, నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఒడ్డుకేసి వస్తున్నారు. వాళ్ళ వెనక తెల్లని నురుగు. దగ్గరికి వచ్చాక గాని వాళ్ళ కాళ్ళ కింద బల్లలున్న సంగతి నాకు అర్థం కాలేదు.

ఈ ఆటను ఇప్పుడు లోకమంతా సర్ఫింగ్ అంటున్నారు. హవాయి వాళ్ళు తమ భాషలో "హేఏ నలు" అంటారు. "నలు" అంటే అల, "హేఏ" అంటే జారటం. కాలికింద ఉండే బల్లను వాళ్ళు ఏమంటారో తెలిస్తే మీరు నవ్వుతారు. "పాప" అంటారు! ఆ భాషలో పాప అంటే పలక. మనం కూడా దాన్ని పలక అనే పిలుద్దాం.

మా మనవడు ఈత బాగా నేర్చినవాడు. పలకల మీద వచ్చేవాళ్ళను చూడగానే వాడికి కాలు నిలవలేదు. ఒడ్డునే పలకలు అద్దెకిచ్చే పాక ఉన్నది. అందరం అక్కడికి వెళ్ళాము.

పాకలో పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొన్ని చాలా పొడుగు. లావుగా, మొద్దుగా, నీలంరంగు వేసిన తలుపుల్లాగ ఉన్నాయి. మరికొన్ని పొట్టివి, మూతి కోసుగా, ఒళ్ళు నున్నగా, చేపల్లాగ తళతళ మెరుస్తున్నాయి. మావాడి చూపు మెరిసేవాటి మీద పడింది. పాక మనిషి పొడుగు పలకను చూపించి, కొత్తవాళ్ళకు అదే మంచిదన్నాడు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. "వీడు చిన్నవాడు. నలభై కిలోలు కూడా సరిగా లేడు. చిన్నవాడికి చిన్న పలక చాలదా?" అన్నాను. బళ్ళో బల్లలు కూడా అట్లాగే వేయించేవాణ్ణి: చిన్న తరగతికి చిన్న బల్లలు, పెద్ద తరగతికి పెద్ద బల్లలు. పాక మనిషి మళ్ళీ ఒకసారి చెప్పి చూశాడు. నేను వినలేదు. పెద్దవాణ్ణి కదా అని అతను ఊరుకున్నాడు. మావాడు మెరిసే పలకను చంకన పెట్టుకుని, వాళ్ళ నాన్నతో నీళ్ళలోకి పరిగెత్తాడు.

ఒక గంటసేపు నేను చూసినది ఏమిటంటే, పలక ఎక్కబోవటం, అది కింద నుంచి జారిపోవటం. పలక మీద బోర్లా పడుకోవటం, అది నీటిలో మునగటం. చేతులతో నీళ్ళు తోసుకుంటూ ముందుకు పోబోవటం, అల వాణ్ణి అక్కడే వదిలేసి వెళ్ళిపోవటం. చివరకు ఒక అల వాణ్ణి ఎత్తింది. వాడు లేవబోయాడు. పలక పక్కకు తిరగబడింది. వాడు నీళ్ళలో పడి తల పైకెత్తేసరికి, పలక కూడా ఎగిరి వచ్చి వాడి నుదుటికి తగిలింది.

గాయం పెద్దది కాదు. కంటికి రెండంగుళాల పైన తగిలింది. రెండంగుళాలు కిందికి తగిలి ఉంటే ఏమయ్యేదో నేను ఈనాటికీ ఆలోచించదలచుకోలేదు. వాడు ఏడవలేదు. ఒడ్డుకు వచ్చి, నా పక్కన ఇసుకలో కూచుని, "తాతయ్యా, నాకు ఇది చేతకాదు. నేను ఇంక రాను," అన్నాడు.

పిల్లలూ, ఈ మాట నాకు కొత్త కాదు. "నాకు లెక్కలు రావు," "నా చేతిరాత ఇంతే," అని ఎంతోమంది పిల్లలు నాతో అన్నారు. ఆ మాట ఒకసారి మనసులో నాటుకుంటే పెరికి వెయ్యటం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుస్తుంది. కాని ఈసారి ఆ విత్తనం వేసినవాణ్ణి నేనే.

ఆ సాయంకాలం వాణ్ణి తీరం వెంట నడిపించాను. అక్కడ ఒక కంచువిగ్రహం ఉన్నది. నిలువెత్తు మనిషి రెండు చేతులూ చాచి, సముద్రానికి వీపు పెట్టి, వచ్చేవారికి స్వాగతం చెబుతున్నట్టు నిలబడి ఉంటాడు. ఆయన వెనక ఒక పొడవాటి పలక. చేతులనిండా, మెడనిండా జనం వేసిన పూలదండలు.

ఆయన పేరు డ్యూక్ కహనమోకు. 1890లో హొనొలులులో పుట్టాడు. 1912లో స్టాక్‌హోంలోనూ, 1920లో ఆంట్వెర్ప్‌లోనూ జరిగిన ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈతలో బంగారు పతకాలు గెలిచాడు. ఈతకు పిలిచిన కొన్ని దేశాలకు వెళ్ళినప్పుడు, అక్కడివారికి పలక మీద అలలెక్కటం చూపించాడు. ఆస్ట్రేలియాకు వెళ్ళినప్పుడు ఆయన వెంట పలక లేదు. అక్కడి పైన్ చెక్కతో తానే ఒక పలక చెక్కుకుని, సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ తీరంలో 1914-15 వేసవిలో వేలమంది చూస్తుండగా అలల మీద నిలబడ్డాడు. ఆ పలకను అక్కడివాళ్ళు ఇప్పటికీ భద్రంగా దాచి ఉంచారు.

1925లో కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ రేవు దగ్గర పెద్ద అలలకు ఒక పడవ తలకిందులయింది. ఒడ్డున ఉన్న డ్యూక్ తన పలక మీద ఆ అలలలోకి వెళ్ళి, మునిగిపోతున్నవారిని పలక మీదికి లాగి ఒడ్డుకు చేరవేశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తెచ్చాడు. బతికి బయటపడ్డ 12 మందిలో 8 మందిని రక్షించినది ఆయనే. 1968లో ఆయన కాలధర్మం చెందాడు. ఈ విగ్రహాన్ని 1990లో నిలిపారు.

మావాడు అంతా విని, నుదురు తడుముకుంటూ ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, ఈయనకు అంత బాగా వచ్చు గదా, మరి ఇంత పెద్ద పలక ఎందుకు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. తెలియని ప్రశ్నకు జవాబు వెతకటానికే లోకంలో గ్రంథాలయాలూ, మ్యూజియములూ ఉన్నాయి. మర్నాడు ఉదయం మేము బిషప్ మ్యూజియముకు వెళ్ళాము. ఇది 1889లో స్థాపించినది. హవాయి రాజవంశానికి చెందిన బెర్నిస్ పౌవాహి అనే రాకుమారి జ్ఞాపకార్థం ఆమె భర్త చార్లెస్ బిషప్ దీన్ని పెట్టాడు.

అక్కడ పూర్వకాలపు పలకలు చూశాము. మన దగ్గర రోకళ్ళూ, తిరగళ్ళూ, కవ్వాలూ వేరువేరు పనులకు వేరువేరుగా ఉన్నట్టు, హవాయి వాళ్ళకు కూడా పలకలు ఒకటే రకం కాదు. అన్నిటికన్న పొట్టిది "పైపో". దాని మీద నిలబడరు. బోర్లా పడుకుని వస్తారు. నడిమిరకం "అలాయా". ఇది పల్చగా ఉంటుంది. నేర్పరులు దీని మీద నిలబడి, విరిగే అల మీద ఏటవాలుగా జారుతారు. మూడోది "ఓలో". ఇది 14 అడుగులకు మించి కూడా ఉంటుంది, మనిషంత బరువు తూగుతుంది. ఇది దొరలూ, నాయకులూ ఎక్కేది. ఓలో పలకలను విలివిలి అనే చెట్టు చెక్కతో చేసేవారు. మన కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క లాగ ఇది చాలా తేలిక. కోవా అనే గట్టి చెక్క పలకల కన్న ఇది నీటిలో బాగా తేలుతుంది.

1779లో కెప్టెన్ కుక్ ఓడలలో వచ్చిన జేమ్స్ కింగ్ అనే అధికారి ఈ ఆటను చూసి ఆశ్చర్యపడి వివరంగా రాసిపెట్టాడు. ఆ తరవాత పరాయిదేశాల రోగాలు సోకి దీవులలో జనం చాలామంది చనిపోయారు. వచ్చిన మతప్రచారకులకు ఈ ఆట నచ్చలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి అలలెక్కేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైకీకీ కుర్రాళ్ళు దీనికి మళ్ళీ ప్రాణం పోశారు. వాళ్ళలో ఒకడే మన డ్యూక్.

ఆ కాలపు పలకలు నిండుచెక్కవి. టామ్ బ్లేక్ అనే ఆయన ఈ మ్యూజియములోని పాత పలకలను శ్రద్ధగా చూసి, లోపల బోలుగా ఉండే పలక తయారుచేసి, 1932లో దానికి పేటెంటు పొందాడు. 1935లో పలక అడుగున రెక్క బిగించినది కూడా ఆయనే. రెండో ప్రపంచయుద్ధం తరవాత తేలికైన బాల్సా చెక్క, ఫైబర్‌గ్లాస్ వచ్చాయి. 1950ల చివర చెక్కకు బదులు నురుగు లాంటి ప్లాస్టిక్ వచ్చింది. అప్పటి నిండుచెక్క పలకలు కొన్ని 45 కిలోలు తూగేవి. ఈనాటి 8 అడుగుల మెత్తని పలక 6, 7 కిలోలు మించదు.

మూడో రోజు ఉదయం మా అబ్బాయి ఒక వృద్ధ శిక్షకుణ్ణి కుదిర్చాడు. హవాయిలో చిన్నవాళ్ళు, చుట్టరికం లేకపోయినా, పెద్దవాళ్ళను "అంకుల్" అనే పిలుస్తారు. మనం బాబాయిగారూ అన్నట్టే. ఈ అంకుల్‌కు నా వయసే ఉంటుంది. ఎండకు కాగిన ఒళ్ళు, తెల్లని గడ్డం. ఆయన మావాడి నుదురు చూశాడు గాని, ఏమీ అడగలేదు. మూడు ప్రశ్నలు మాత్రం వేశాడు: "ఈత వచ్చునా? నీ బరువెంత? ఇవాళ ఏ అల ఎక్కుతావు?"

మొదటి రెంటికీ వాడు జవాబు చెప్పాడు. మూడోదానికి చెప్పలేకపోయాడు. "అయితే ముందు అల చూద్దాం," అని ఆయన మమ్మల్ని ఇసుకలో కూచోబెట్టాడు.

పిల్లలూ, అల ఎట్లా విరుగుతుందో తెలుసా? లోతు సముద్రంలో అల గుండ్రంగా, మెల్లగా సాగిపోతుంది. ఒడ్డు దగ్గరికి వచ్చి, నీటి లోతు అల ఎత్తు కన్న కాస్త మాత్రమే ఎక్కువ అయినప్పుడు, అల అడుగుభాగం వెనకపడుతుంది, పైభాగం ముందుకు తూలి విరిగిపడుతుంది. కాలికి రాయి తగిలినవాడు ముందుకు తూలినట్టే! అడుగునేల ఒక్కసారిగా పైకి లేస్తే అల గోడలాగ నిలిచి దభీమని పడుతుంది. ఓహూ దీవి ఉత్తరతీరంలో చలికాలపు అలలు ఇట్లాంటివి. అవి ఆరితేరినవాళ్ళకే. వైకీకీలో అడుగునేల చాలా దూరం నుంచి మెల్లమెల్లగా మెరక అవుతుంది. అందుచేత వేసవిలో, దక్షిణాన వేల కిలోమీటర్ల దూరంలో తుఫానులు పుట్టించిన అలలు ఇక్కడికి వచ్చి నిదానంగా, చాలాసేపు విరుగుతాయి. కొత్తవాళ్ళకు ఇట్లాంటి అలే కావాలి. పలక ఎంచుకునే ముందు అలను ఎంచుకోవాలన్న మాట.

తరవాత బరువు సంగతి. ఇక్కడ మీరు ఆర్కిమిడీస్ సూత్రం జ్ఞాపకం చేసుకోవాలి. ఒక వస్తువు ఎంత నీటిని తొలగిస్తే, ఆ నీటి బరువంత బలం దాన్ని పైకి తోస్తుంది. 1 లీటరు నీరు 1 కిలో బరువు. ఉప్పునీరు కాస్త ఎక్కువ. ఆ తేడా వదిలేద్దాం. పలక పరిమాణం ఎన్ని లీటర్లో చాలా పలకల మీద రాసే ఉంటుంది. మేము మొదటిరోజు తీసుకున్న మెరిసే పలక 25 లీటర్లు. దాని సొంత బరువు 3 కిలోలు. అంటే అది మొయ్యగలిగినది 22 కిలోలు. మావాడు 40 కిలోలు. 18 కిలోలు తక్కువ! వాడు పడుకోగానే పలక మునిగిపోయిందంటే వింతేమున్నది?

అంకుల్ ఇచ్చిన పలక 8 అడుగుల పొడుగు, సుమారు 22 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల పైన మందం. దాని పరిమాణం 65 లీటర్లు, బరువు 6 కిలోలు. 59 కిలోలు మొయ్యగలదు. మావాడు ఎక్కిన తరవాత కూడా 19 కిలోలు మిగులు! ఈ మిగులే కొత్తవాడికి పెట్టుబడి. కొత్తవాళ్ళ పలక లీటర్లలో వాళ్ళ బరువు కన్న బాగా ఎక్కువగా, ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే మంచిది.

మరి నేర్పరులు 25, 30 లీటర్ల పలకల మీద ఎట్లా నిలబడతారు? చెరువులో పల్చని పెంకు విసిరితే అది మునగకుండా కప్పగంతులు వేస్తూ పోతుంది గదా! అది తేలటం కాదు. వేగం దాన్ని నిలబెడుతున్నది. వేగం తగ్గగానే బుడుంగున మునుగుతుంది. నేర్పరి పలక ఆ పెంకు లాంటిది. వేగం తెచ్చుకోవటం తెలిసినవాడికే అది పనికి వస్తుంది.

పొడుగు ఎందుకంటే, అలను అందుకోవటానికి. ఒకటిన్నర మీటర్ల లోతులో అల గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పలక మీద పడుకుని చేతులతో తోసుకునే పిల్లవాడు అందులో సగం వేగం కూడా అందుకోలేడు. మిగిలిన వేగం అల వాలు ఇస్తుంది. కాని వాలు మీద జారేటందుకు ముందే పలక కదులుతూ ఉండాలి. పోతున్న ఎద్దుబండి ఎక్కాలంటే నాలుగడుగులు దాని వెంట పరిగెత్తాలి గదా! పొడుగు పలక ఒక్క తోపుకు చాలా దూరం సాగుతుంది. పొట్టిది తోపు తోపుకూ ఆగిపోతుంది.

వెడల్పు ఎందుకంటే, తిరగబడకుండా ఉండటానికి. కాలవ మీద ఒక తాటిదుంగ వేస్తే దాటటానికి భయం. నాలుగు దుంగలు పక్కపక్కన వేస్తే ముసలివాళ్ళు కూడా దాటుతారు. మీరు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యవచ్చు. ఒకే మందంగల థర్మోకోల్ నుంచి, ఒకే పొడుగున, రెండు ముక్కలు కొయ్యండి. ఒకటి రెండంగుళాల వెడల్పు, ఇంకొకటి ఆరంగుళాలు. రెంటినీ తొట్టిలో వేసి, ఒక్కొక్కదాని మీద ఒకే గులకరాయిని మధ్యకు కాస్త పక్కగా పెట్టండి. ఏది ముందు తిరగబడుతుందో చూడండి.

ఇక మెత్తదనం. ఈ ఆటలో తగిలే దెబ్బలలో ఎక్కువభాగం సముద్రం కొట్టేవి కావు, ఎవరి పలక వారిని కొట్టేవే. అందుచేత కొత్తవాళ్ళ పలక పైభాగం మెత్తని నురుగుతో, మూతి గుండ్రంగా ఉండాలి. అడుగున ఉండే రెక్కలు కూడా వంగే రకంగా ఉండాలి. ఈ రెక్కలు చేప తోక లాగ పలకను తిన్నగా నడుపుతాయి. పలకకూ, కాలి చీలమండకూ మధ్య ఒక తాడు కట్టుకోవాలి. అది పలక పొడుగుకు తక్కువ కాకుండా ఉండాలి. ఆ తాడు ఉంటే పలక కొట్టుకుపోదు, ఇంకొకరికి తగలదు, మీరు అలిసిపోతే పట్టుకుని తేలటానికి చేతికి అందుతుంది. డ్యూక్ ఎనిమిది ప్రాణాలను నిలిపినది ఇట్లాంటి తేలే పలకతోనే గదా!

ఇప్పుడు మావాడి ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. డ్యూక్ కాలపు చెక్క బరువు. నీటిలో బాగా తేలాలంటే పలక పెద్దదిగా ఉండక తప్పదు. అంతే కాదు. వైకీకీ లాంటి నిదానమైన అల మీద చాలా దూరం సాగాలంటే పొడుగు పలకే పొందిక. పొడుగు పలక ఎక్కటం చేతకానితనానికి గుర్తు కాదు. హవాయి నాయకులు ఎక్కినది కూడా అదే!

అంకుల్ పలకను ఇసుకలోనే పెట్టి, మావాణ్ణి బోర్లా పడుకోబెట్టి, రెండు అరచేతుల మీద ఒళ్ళు పైకెత్తి, ఒక్క ఊపున లేచి నిలబడటం పదిసార్లు చేయించాడు. తరవాత నడుములోతు దాటి నీళ్ళలోకి తీసుకుపోయాడు. ఒక అల వచ్చింది. పలక వెనక చెయ్యివేసి తోశాడు. మావాడు లేవబోయి పడ్డాడు. రెండోసారి కూడా పడ్డాడు. పలక పక్కనే మెత్తగా తేలుతున్నది. మూడోసారి మోకాళ్ళ మీద వచ్చాడు. ఆరోసారో, ఏడోసారో వాడు నిలబడ్డాడు! కాళ్ళు వణుకుతున్నాయి. చేతులు రెండు పక్కలకూ చాచాడు, ఆ కంచువిగ్రహం లాగ. నేను ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు... పదకొండు దాకా లెక్కపెట్టాను. అప్పుడు వాడు నవ్వుతూ నీళ్ళలో పడ్డాడు.

ఒడ్డుకు వచ్చి నాతో వాడు అన్న మొదటి మాట: "తాతయ్యా, చూశావా? ఇంకొకసారి వెళ్ళనా?"

నేను వాడికి ఒక మాట బాకీ ఉన్నాను. "మొన్న తప్పు నీది కాదురా, నాన్నా. పలక తప్పు. దాన్ని ఇప్పించినది నేను," అన్నాను. వాడు నా ముఖంకేసి చూసి, "అయితే నువ్వు కూడా ఒకసారి ఎక్కాలి," అన్నాడు. అంతమంది ఎదట నేను ఆ శిక్షను అనుభవించక తప్పలేదు. నిలబడలేదు లెండి. పైపో పద్ధతిలో బోర్లా పడుకుని ఒక చిన్న అల మీద ఒడ్డుకు వచ్చాను. కళ్ళజోడు తీసి కోడలికి ఇచ్చి వెళ్ళటం మంచిదయింది!

పిల్లలూ, అలలెక్కటం మన తీరానికి కూడా కొత్త కాదు. విశాఖపట్నం, భీమిలి ప్రాంతాల జాలరులు దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పల మీద, విరిగే అలలను దాటి సముద్రంలోకి వెళ్ళేవారు. తిరిగి వచ్చేటప్పుడు సరైన అల కోసం కాచుకుని, దాని వీపు మీద ఒడ్డుకు వచ్చేవారు. ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చి తెప్పలు తగ్గిపోయాయి. ఇంగ్లీషులో "కాటమరాన్" అనే మాట, తమిళులు తెప్పను "కట్టుమరం" అనటం నుంచి వచ్చిందే. ఈనాడు విశాఖ దగ్గర రుషికొండలో, తమిళనాడులో కోవళం, మహాబలిపురాలలో, కర్ణాటకలో ముల్కిలో సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళున్నారు. 2021లో జపానులో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటను మొదటిసారి చేర్చారు. 2024లో దీని పోటీలు తాహితి దీవిలో జరిగాయి.

అయితే ఒక్క హెచ్చరిక. ఇది చదివి ఎవరూ ఒంటరిగా సముద్రంలోకి దిగవద్దు. మన తూర్పుతీరంలో అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఒక్కొక్కచోట సన్నని పాయగా కూడి బలంగా వెనక్కు పోతుంది. ఆ పాయ పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది. దిగినవాణ్ణి మాత్రం లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదితే అలిసిపోతాము. తేలుతూ, చెయ్యి ఎత్తి పిలవాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయలోంచి బయటపడాలి. ఈత రానివాళ్ళు, శిక్షకుడు లేనివాళ్ళు పలక ముట్టుకోరాదు. ముందు ఈత, తరవాత శిక్షకుడు, తరవాత అల, ఆ తరవాతే పలక.

మేము వచ్చేసే రోజున మావాడు ఆ పాకలో మెరిసే పలక ముందు కాసేపు నిలబడ్డాడు. నాకు భయం వేసింది. వాడు దాన్ని చేత్తో తడిమి, "ఇది తరవాత. పెద్దదాని మీద తిప్పటం వచ్చాక," అన్నాడు.

ఇంటికి వచ్చాక నేను బియ్యం పళ్ళెం సంగతి ఆలోచించాను. పెద్ద పళ్ళెంలో పెద్ద అక్షరం దిద్దేటప్పుడు వేలు తప్పినా అక్షరం చెడదు, దిద్దుకోవటానికి చోటుంటుంది. తప్పటడుగుకు చోటివ్వటం కోసమే మన పెద్దలు చిన్నచేతికి పెద్ద అక్షరం ఇచ్చారు. నా దగ్గర చదువుకుని, "నాకు రాదు" అని కూచున్న పిల్లలలో ఎంతమందికి నేను ఇరుకు పలక ఇచ్చానో!

ఇకముందు మీకు ఏదైనా చేతకాలేదనిపిస్తే, "నాకు రాదు" అనుకోవటానికి ముందు ఒకసారి మీ పలక చూసుకోండి. అది మీకు సరిపోయేదేనా? కాకపోతే పెద్దది అడిగి పుచ్చుకోండి. అందులో సిగ్గేమీ లేదు.